లెక్కకెక్కని వారికి కాపలా ఎవరు?

2025 డిసెంబరు 14, ఆదివారం. సిడ్నీలోని బోండై బీచ్ ఒడ్డున యూదు కుటుంబాలు హనుక్కా పండుగ తొలి సాయంత్రం దీపం వెలిగించడానికి చేరాయి. తుపాకులతో వచ్చిన తండ్రీకొడుకులు 15 మందిని చంపారు. చనిపోయినవారిలో పదేళ్ల పాప ఉంది. చిన్నప్పుడు నాజీల మారణహోమాన్ని తప్పించుకుని బతికిన ఒక పెద్దాయన ఉన్నాడు. తండ్రి పోలీసుల కాల్పుల్లో అక్కడే చనిపోయాడు, కొడుకు మీద కేసు పెట్టారు. ఒక ముష్కరుడి మీదికి వట్టి చేతులతో దూకి తుపాకీ లాక్కున్న అహ్మద్ అల్ అహ్మద్ సిరియా నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన ముస్లిం దుకాణదారు.

ఆ వెంటనే తెలంగాణ పోలీసులు ఒక ప్రకటన ఇచ్చారు. చనిపోయిన ముష్కరుడు హైదరాబాద్‌ వాడు. ఇక్కడే బీకాం చదివి, 1998 నవంబరులో పని వెతుక్కుంటూ ఆస్ట్రేలియా వెళ్లాడు. ఆ తర్వాత ఆరుసార్లు వచ్చి వెళ్లాడు. ఇక్కడున్న రోజుల్లో అతని మీద ఎలాంటి ఫిర్యాదూ లేదనీ, అతను తీవ్రవాదం వైపు మళ్లడానికి తెలంగాణతో సంబంధం కనబడలేదనీ పోలీసులు చెప్పారు. ఆ మాటను అక్కడికే తీసుకోవాలి. ఒక్కడు చేసిన నేరాన్ని అతని ఊరికో మతానికో అంటగడితే, అతను యూదుల విషయంలో చేసిన తప్పునే మనమూ చేసినట్టు.

వరంగల్ దగ్గరి హసన్‌పర్తిలో ఉన్నవారికి ఇదంతా దూరపు వార్తలా అనిపించవచ్చు. కాని ఇది చదువుల మండలం. అనంతసాగర్‌లో ఎస్‌ఆర్ యూనివర్సిటీ, కాస్త అవతల కాకతీయ యూనివర్సిటీ, చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు. డల్లాస్‌కో లండన్‌కో మెల్‌బోర్న్‌కో పిల్లల్ని పంపిన ఇళ్లు ఇక్కడ వీధివీధినా కనిపిస్తాయి. 2021 ఆస్ట్రేలియా జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడతామన్నవారు 59 వేల పైచిలుకు. యూదు మతమని రాయించుకున్నవారు లక్షకు కొంచెం తక్కువ. ఒకే నగరాల్లో, ఒకే వీధుల్లో బతుకుతున్న రెండు చిన్న సమూహాలు ఇవి. ఒకదాని గుడికి కాపలా అవసరమైన రోజు రెండోదానికీ నిద్ర పట్టదు.

ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. యూదులమని చెప్పుకునే తెలుగువాళ్లు మనకే ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు మండలం కొత్తరెడ్డిపాలెంలో వాళ్ల సినగాగ్, అంటే ప్రార్థనాలయం ఉంది. వాళ్ల గురించి చెప్పే ముందు, యూదులను కాపాడటానికి ప్రభుత్వాలు ఎక్కడ ఏం చేస్తున్నాయో అంకెల్లో చూడాలి. ఎందుకంటే ఎక్కడైనా రక్షణ మొదలయ్యేది లెక్క దగ్గరే. పోలీసు స్టేషన్ రిజిస్టరులోనో జనాభా పట్టికలోనో పేరు లేనివారికి బడ్జెట్‌లో పైసా రాదు, గేటు దగ్గర కానిస్టేబులూ రాడు.

లెక్క ఎవరు రాస్తారు?

బ్రిటన్ లెక్క కాస్త తేటగా ఉంటుంది. 2024 మార్చితో ముగిసిన ఏడాదిలో ఇంగ్లండ్, వేల్స్ పోలీసులు యూదుల మీద జరిగిన ద్వేష నేరాలు 3,282 నమోదు చేశారు. అంతకుముందు ఏడాది 1,543. రెట్టింపు దాటింది. అదే ఏడాది ముస్లింల మీద జరిగినవి 3,866. పైపైన చూస్తే ముస్లింల మీదే ఎక్కువ. కాని 2021 లెక్కల ప్రకారం అక్కడి యూదులు 2.71 లక్షలు, ముస్లింలు 38.7 లక్షలు. భాగించి చూస్తే ప్రతి పదివేల మంది యూదులకు 121 నేరాలు, ప్రతి పదివేల మంది ముస్లింలకు 10. రెండు అంకెలూ నిజమే, రెండు బాధలూ నిజమే. జనాభా తెలియకపోతే మాత్రం ఈ తలసరి అంకె పుట్టనే పుట్టదు. చిన్న సమూహం మీద పడే బరువు మొత్తం సంఖ్యలో ఎప్పుడూ కనబడదు, తలసరి లెక్కలోనే కనబడుతుంది.

అమెరికాలో రెండు లెక్కలు నడుస్తాయి, రెంటికీ పొంతన ఉండదు. 2023లో యూదుల మీద 1,832 ద్వేష నేరాలు జరిగాయని ఎఫ్‌బీఐ చెప్పింది. అదే సంవత్సరానికి యాంటీ డిఫమేషన్ లీగ్ అనే యూదు సంస్థ 8,873 ఘటనలు చూపింది. ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారనుకోనక్కర్లేదు. ఎఫ్‌బీఐ దగ్గరికి చేరేది స్థానిక పోలీసులు నేరంగా నమోదు చేసి పంపిన కేసులే. లీగ్ లెక్కలోకి తిట్లు, బెదిరింపులు, గోడరాతలు కూడా వస్తాయి. వాటిలో చాలావాటికి చట్టం కింద కేసు ఉండదు. పైగా 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్ మీద హమాస్ దాడి, ఆ తర్వాత గాజా యుద్ధం మొదలయ్యాక, ప్రదర్శనల్లో వినిపించిన కొన్ని ఇజ్రాయెల్ వ్యతిరేక నినాదాలను కూడా లీగ్ తన పట్టికలో చేర్చింది. దాని మీద విమర్శలు వచ్చాయి, అవి తీసిపారేయదగ్గవి కావు. అందుకే పత్రికలో ఇలాంటి అంకె కనబడగానే అది ఎవరి లెక్క, అందులోకి ఏమేం వచ్చాయి అని అడగాలి. అయితే తక్కువ చూపే ఎఫ్‌బీఐ లెక్కనే తీసుకున్నా, ఆ ఏడాది మతం కారణంగా జరిగిన ద్వేష నేరాల్లో మూడింట రెండు వంతులు యూదుల మీదివే. అమెరికా జనాభాలో వాళ్లు దాదాపు నూటికి ఇద్దరు.

ఆస్ట్రేలియా అంకెలు మరో సంగతి చెబుతాయి. అక్కడి యూదుల కేంద్ర సంఘం 2023 సెప్టెంబరుతో ముగిసిన ఏడాదిలో 495 ఘటనలు నమోదు చేసింది. మరుసటి ఏడాది 2,062. దాని తర్వాతి ఏడాది, అంటే 2025 సెప్టెంబరు దాకా, 1,654. తగ్గింది కదా అనిపించినా, ఆ లెక్క ముగిసి మూడు నెలలు తిరక్కముందే బోండై జరిగింది. ఘటనల సంఖ్య సమాజంలో ద్వేషం ఎంత ఉందో చెప్పగలదు గాని, తుపాకీ ఎవరి చేతిలో ఉందో చెప్పలేదు. బోండై ముష్కరుల్లో తండ్రి దగ్గర లైసెన్సు ఉన్న తుపాకులే ఆరు ఉన్నాయి. అవి ద్వేష నేరాల పట్టికలోకి వచ్చే అంకె కాదు. తుపాకీ లైసెన్సులు ఇచ్చే కార్యాలయం రిజిస్టరులో మాత్రం ఉన్నాయి. ఒక రిజిస్టరుకు ఇంకో రిజిస్టరుతో మాట కలవకపోవడం ప్రభుత్వాల పాత జబ్బు.

గోడలకు పెట్టిన డబ్బు

లెక్క తేలాక ఖర్చు. బ్రిటన్ ప్రభుత్వం యూదు బడులకు, ప్రార్థనాలయాలకు కాపలా కోసం ఏటా 1.8 కోట్ల పౌండ్లు ఇస్తూ వచ్చింది. 2028 దాకా కలిపి 7 కోట్ల పౌండ్లకు పైగా ఇస్తామని 2024లో ప్రకటించింది. అక్కడి యూదుల సంఖ్యతో భాగిస్తే మనిషికి ఏటా అరవై పౌండ్లు దాటుతుంది. ఆ డబ్బు కమ్యూనిటీ సెక్యూరిటీ ట్రస్ట్ అనే సంస్థ ద్వారా గార్డులకు, కెమెరాలకు వెళుతుంది. మసీదులకు, ముస్లిం బడులకు కూడా వేరే పథకం ఉంది. ఇంత చేసినా 2025 అక్టోబరు 2న, యూదులకు ఏడాదిలోకెల్లా పవిత్రమైన యోమ్ కిప్పూర్ నాడు, మాంచెస్టర్‌లోని హీటన్ పార్క్ సినగాగ్ దగ్గర ఒకడు కారుతో గుద్ది కత్తితో దాడి చేశాడు. ఇద్దరు భక్తులు చనిపోయారు. అందులో ఒకరు దుండగుణ్ణి లోపలికి రానీయకుండా తలుపును అడ్డుకుంటూ పోలీసు తూటా తగిలి పోయారు. తలుపు మూసి ఉండబట్టే లోపలివాళ్లు బతికారు. ఆ తర్వాత ప్రభుత్వం ఆ ఏడాది సొమ్మును మరో కోటి పౌండ్లు పెంచింది.

తలుపు అనగానే జర్మనీలోని హాలె గుర్తొస్తుంది. 2019 అక్టోబరు 9, అదీ యోమ్ కిప్పూర్ రోజే. తుపాకీతో వచ్చిన నాజీ భావాల యువకుడు సినగాగ్ తలుపును కాల్చి పగలగొట్టబోయాడు. తలుపు లొంగలేదు. లోపల యాభై మందికి పైగా ఉన్నారు. బయట ఒక్క పోలీసు లేడు. కోపంతో వాడు వీధిలో ఒకరిని, తిండి దుకాణంలో ఒకరిని చంపాడు. చనిపోయిన ఇద్దరూ యూదులు కారు. ఒక మతం గుడి ముందు కాపలా లేకపోతే పక్కింటివాడి ప్రాణం కూడా పోతుందని హాలె చూపించింది. జర్మనీ కేంద్ర ప్రభుత్వం ఆ మీదట యూదు సంఘాల కట్టడాల భద్రతకు 2.2 కోట్ల యూరోలు కేటాయించింది.

అమెరికాలో ఈ పనికి లాభాపేక్ష లేని సంస్థల భద్రతా నిధి అనే పథకం ఉంది. 2005లో 2.5 కోట్ల డాలర్లతో మొదలైంది. 2018 అక్టోబరు 27న పిట్స్‌బర్గ్ సినగాగ్‌లో 11 మందిని కాల్చి చంపారు. 2021 నాటికి నిధి 18 కోట్లకు చేరింది. 2022 జనవరి 15న టెక్సాస్‌లోని కాలీవిల్‌లో ఒకడు సినగాగ్‌లో జొరబడి నలుగురిని బందీలుగా పట్టాడు. ఆ ఏడాది 25 కోట్లు, మరుసటి ఏడాది 30.5 కోట్లు. పెద్ద మెట్లకు ముందు ఒక దాడి ఉంది. ఇలాంటి పథకాలు దాదాపు ఎప్పుడూ దాడి తర్వాతే పెరుగుతాయి, అదే వాటి మీద నా పెద్ద ఫిర్యాదు.

కాలీవిల్ పేరు మనవాళ్లకు కొత్త కాదు. డల్లాస్ విమానాశ్రయానికి దగ్గరి ఊరు. ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లానో, అన్నీ చుట్టుపక్కలే, అన్నిటా తెలుగువాళ్లే. ఆ రోజు దాదాపు పదకొండు గంటల తర్వాత అక్కడి రబ్బీ, అంటే యూదు మతగురువు, చార్లీ సైట్రన్-వాకర్ ముష్కరుడి మీదికి కుర్చీ విసిరి మిగిలినవాళ్లతో బయటికి పరుగెత్తాడు. భద్రతా శిక్షణలో నేర్చుకున్నదే తమను బతికించిందని ఆయనే చెప్పాడు. కెమెరాలకన్నా, గోడలకన్నా మనుషులకు ఇచ్చిన శిక్షణే అక్కడ పనికొచ్చింది.

ఈ అమెరికా పథకంలో ఒక మంచి సంగతి ఉంది. యూదుల ఒత్తిడితో పుట్టినా అర్హత అన్ని మతాలకూ ఉంది. ప్రమాదం ఉందని చూపగలిగితే హిందూ దేవాలయం, మసీదు, గురుద్వారా, చర్చి అన్నీ దరఖాస్తు చేయవచ్చు. 2023లో ఒక్కో చోటుకు లక్షన్నర డాలర్ల దాకా ఇచ్చారు. అయితే వచ్చిన దరఖాస్తుల్లో సగానికి కూడా డబ్బు దొరకలేదు. అక్కడ గుడి కమిటీల్లో ఉన్న తెలుగువాళ్లు ఈ పథకం సంగతి చూసుకోవాలి. పండుగ రోజున వేలమంది చేరే గుడికి బయటికి వెళ్లే దారులెన్ని, ఎవరు ఏ తలుపు దగ్గర ఉండాలి అన్నది ముందే రాసి పెట్టుకోవడానికి డాలర్లు కూడా అక్కర్లేదు.

చట్టాలు ఎంతవరకు?

ఆస్ట్రేలియా ప్రభుత్వం చేతులు కట్టుకు కూర్చుందని అనలేం. 2024 జనవరిలో నాజీ సెల్యూట్‌ను, నాజీ గుర్తుల ప్రదర్శనను దేశమంతటా నిషేధించింది. (మన స్వస్తికానికి, హిందూ బౌద్ధ జైన మతాల వాడుకకు ఆ చట్టం మినహాయింపు ఇచ్చింది. అక్కడి మనవాళ్లు గృహప్రవేశానికి భయపడనక్కర్లేదు.) అదే ఏడాది జులైలో యూదు ద్వేషాన్ని ఎదుర్కోవడానికి జిలియన్ సీగల్‌ను ప్రత్యేక ప్రతినిధిగా నియమించింది. డిసెంబరులో మెల్‌బోర్న్‌లోని అడాస్ ఇజ్రాయెల్ సినగాగ్‌ను తగలబెట్టారు. ఫెడరల్ పోలీసులు ప్రత్యేక బృందం పెట్టారు. 2025 ఫిబ్రవరిలో కొన్ని ద్వేష నేరాలకు కనీస జైలుశిక్ష తప్పనిసరి చేశారు. ఆగస్టులో, ఆ సినగాగ్ దహనం వెనక ఇరాన్ హస్తం ఉందని గూఢచారి సంస్థ తేల్చడంతో, ఇరాన్ రాయబారిని వెళ్లగొట్టారు. ఇవన్నీ అయ్యాక బోండై. 2026 జనవరిలో మాజీ న్యాయమూర్తి వర్జీనియా బెల్ నేతృత్వంలో విచారణకు రాయల్ కమిషన్ వేశారు. ప్రతినిధి, చట్టం, పోలీసు బృందం, దౌత్యం అన్నీ ఉన్నా పదిహేను శవాలు లేచాయంటే చట్టాలు దండగని అర్థం కాదు. శిక్ష నేరం జరిగాక వస్తుంది. ఆపాల్సింది ముందు. ఆ పని నిఘాదీ, తుపాకుల లైసెన్సులదీ, ఇంట్లో పిల్లవాడు ఏ వీడియోలు చూస్తున్నాడో గమనించే పెద్దలదీ.

చట్టం కన్నా ముందు నిర్వచనం దగ్గరే పెద్ద తగాదా ఉంది. 2016 మే 26న అంతర్జాతీయ హోలోకాస్ట్ స్మృతి కూటమి యూదు ద్వేషానికి ఒక నిర్వచనం ఇచ్చింది. నలభైకి పైగా దేశాలు దాన్ని ఒప్పుకున్నాయి. భారత్ ఆ కూటమిలో లేదు. ఆ నిర్వచనం కింద ఇచ్చిన ఉదాహరణల్లో చాలావరకు ఇజ్రాయెల్ ప్రస్తావన ఉండటంతో, దాన్ని చూపించి పాలస్తీనా పక్షాన మాట్లాడేవారి నోరు మూయిస్తున్నారన్న అభ్యంతరం లేచింది. దాని తొలి ముసాయిదా రాసినవారిలో ఒకరైన కెన్నెత్ స్టెర్న్ స్వయంగా ఆ దుర్వినియోగాన్ని తప్పుపట్టారు. నా మాట సూటిగా చెబుతాను. గాజాలో వేలాది పసిపిల్లలు చనిపోవడాన్ని చూసి ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని నిలదీయడం యూదు ద్వేషం కాదు, అది మనిషి చేయవలసిన పని. ఆ ప్రభుత్వం మీది కోపాన్ని సిడ్నీలో దీపం వెలిగించే కుటుంబం మీద చూపడం యూదు ద్వేషం. ఏ దేశ విధానాన్ని తిడుతున్నామో, ఏ మనిషిని తిడుతున్నామో తెలిసి మాట్లాడితే నిర్వచనం లేకపోయినా ఈ గీత కనబడుతుంది.

మన దేశపు పద్దు

భారతదేశంలో యూదులను ఎవరూ వేధించలేదని గర్వంగా చెప్పుకుంటాం. ఇక్కడి రాజులు, ఇరుగుపొరుగు వేధించలేదన్నది చాలామటుకు నిజం. 1568లో కట్టిన కొచ్చిన్ పరదేశి సినగాగ్ ఈనాటికీ నిలిచి ఉంది. కాని ఇదే నేల మీద 1662లో పోర్చుగీసువారు దాన్ని ధ్వంసం చేస్తే, మళ్లీ కట్టుకోవలసి వచ్చింది. గోవాలో 1560లో మొదలైన మత విచారణ కోర్టు, యూదు మతం రహస్యంగా పాటిస్తున్నారని అనుమానించి మనుషులను కాల్చింది. ద్వేషం బయటివాళ్లు తెచ్చిందే అయినా, మండింది ఇక్కడే.

మన కాలంలో పెద్ద దెబ్బ 2008 నవంబరు 26. ముంబయిలో 166 మంది చనిపోయిన ఆ దాడిలో లష్కరే తోయిబా ముష్కరులు నారిమన్ హౌస్ అనే యూదు కేంద్రాన్ని ఏరికోరి ఎంచుకున్నారు. రబ్బీ గావ్రియేల్ హోల్ట్స్‌బెర్గ్, ఆయన భార్య రివ్కాతో సహా అక్కడ ఆరుగురు బందీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వారి రెండేళ్ల కొడుకు మోషేను ఆయా శాండ్రా సామ్యూల్ ఎత్తుకుని బయటపడింది. ఆ భవనాన్ని విడిపించబోయి ఎన్‌ఎస్‌జీ హవల్దార్ గజేందర్ సింగ్ అమరుడయ్యాడు. కమాండోలు ఢిల్లీ నుంచి రావడానికి పట్టిన గంటలే ప్రాణాలు తీశాయని తేలాక, 2009లో ఎన్‌ఎస్‌జీ కేంద్రాలను ముంబయి, కోల్‌కతా, చెన్నై, హైదరాబాద్‌లలో పెట్టారు. జాతీయ దర్యాప్తు సంస్థ పుట్టిందీ ఆ దాడి తర్వాతే. హైదరాబాద్‌లో ఈరోజు కమాండోలు సిద్ధంగా ఉన్నారంటే, ఆ నిర్ణయం వెనక నారిమన్ హౌస్ కూడా ఉంది.

ఇక మామూలు రోజుల రక్షణకు వస్తే, రాజ్యాంగం ప్రకారం పోలీసు, శాంతిభద్రతలు రాష్ట్రాల చేతిలో ఉన్నాయి. యూదులకంటూ వేరే చట్టం లేదు, అక్కర్లేదు కూడా. భారతీయ న్యాయ సంహితలో 196వ సెక్షన్ మతాల మధ్య వైరం రెచ్చగొట్టేవారికి మూడేళ్ల దాకా, ఆ పని ప్రార్థనా స్థలంలో చేస్తే ఐదేళ్ల దాకా శిక్ష చెబుతుంది. ప్రార్థనా స్థలాన్ని పాడుచేస్తే 298, మత భావాలను కావాలని గాయపరిస్తే 299. హసన్‌పర్తి పోలీసు స్టేషన్‌లో ఎవరైనా ఫిర్యాదు ఇస్తే వర్తించేవి ఇవే. గుడికీ మసీదుకీ చర్చికీ సినగాగ్‌కీ ఒకే సెక్షన్.

చట్టం అందరిదీ, గుర్తింపు మాత్రం కొందరిదే. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశంలో పాతికవేల దాకా ఉన్న యూదులు, ఎక్కువమంది ఇజ్రాయెల్ వెళ్లిపోవడంతో, ఇటీవలి జనాభా లెక్కల్లో ఐదు వేల లోపుకు వచ్చారు. అందులో సగం దాకా మహారాష్ట్రలో. జాతీయ మైనారిటీ కమిషన్ చట్టం కింద 1993లో ఐదు మతాలను, 2014లో జైనులను మైనారిటీలుగా ప్రకటించారు. లక్ష మందికి ఒక్కడైనా వచ్చీరాని యూదులు ఆ జాబితాలో లేరు. 2016లో మహారాష్ట్ర, 2018లో గుజరాత్ తమ పరిధిలో ఆ హోదా ఇచ్చాయి. అలా ఇస్తే సొంత విద్యాసంస్థలు నడుపుకునే హక్కు, మైనారిటీ పథకాలకు దారి, అన్నిటికన్నా ముందు ప్రభుత్వ కాగితం మీద తమ మతం పేరు దొరుకుతాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇది జరగలేదు.

కొత్తరెడ్డిపాలెం

జరగకపోతే ఎవరికి నష్టం అంటే, సమాధానం కొత్తరెడ్డిపాలెంలో ఉంది. తమను బెనె ఎఫ్రాయిమ్ అని, అంటే ఎఫ్రాయిమ్ సంతానమని చెప్పుకునే వీళ్లు మాదిగ కుటుంబాల వాళ్లు. మిషనరీల కాలంలో క్రైస్తవులయ్యారు. బోధకుడిగా ఉండి, 1980లలో జెరూసలేం చూసి వచ్చిన షమూయేల్ యాకోబి, ఆయన సోదరుడు సాదోక్ యాకోబి తమవాళ్లు ఇజ్రాయేలు తప్పిపోయిన గోత్రాల్లో ఒకదాని వారసులని చెప్పడం మొదలుపెట్టారు. 1990ల తొలినాళ్లలో సినగాగ్ వెలిసింది. శనివారం సబ్బాత్ పాటిస్తారు, హీబ్రూ నేర్చుకుంటారు, తెలుగులో మాట్లాడుకుంటారు. ఊళ్లో నలభై దాకా కుటుంబాలు. యూలియా ఈగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వాళ్ల మధ్య ఉండి రాసిన పుస్తకం 2013లో వచ్చింది. ఇజ్రాయెల్ వెళ్లిపోవడానికే ఈ వేషమని ఎగతాళి చేసినవారున్నారు. ఆ పరిశోధకులు చూసింది వేరు. కులం పెట్టిన పేరు కాకుండా తామే ఎంచుకున్న పేరుతో, తలెత్తుకు నిలబడే చరిత్రతో బతకాలన్న తపన వాళ్లకు అక్కడ కనబడింది. మాదిగవాడలో పుట్టినవారికి ఆ తపన ఎంత సహజమో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా?

ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీల పీఠం ఈశాన్య భారతంలోని బ్నెయ్ మెనాషే అనే సమూహాన్ని 2005లో గుర్తించింది. వీళ్లను గుర్తించలేదు. అది యూదు మతపెద్దల విషయం, వాళ్లే తేల్చుకోవాలి. కాని దాడి చేయదలుచుకున్నవాడు రబ్బీల ధ్రువపత్రం అడగడు. 2004లో లష్కరే తోయిబాతో సంబంధాలున్నాయన్న అనుమానంతో కొందరిని పోలీసులు పట్టుకున్నప్పుడు, వాళ్ల గురిలో గుంటూరు దగ్గరి ఈ యూదులు కూడా ఉన్నారన్న వార్త బయటికొచ్చింది. అది ఆరోపణ దగ్గరే ఆగినా భయం ఆగలేదు. నాలుగేళ్లకు నారిమన్ హౌస్ చూశాక ఆ భయం ఇంకా గట్టిపడింది. ప్రపంచం దృష్టిలో యూదులుగా గుర్తింపు రాకముందే యూదులుగా ప్రమాదం వచ్చిపడింది వీళ్లకు.

ఇక కాగితం సంగతి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులం హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవం తీసుకున్న దళితులను మన దగ్గర బీసీ-సీ కింద పెట్టారు. యూదు మతమని రాయించుకున్న మాదిగకు ఎస్సీ హోదా నిలవదు, బీసీ-సీలో చోటూ లేదు, మైనారిటీ జాబితాలో పేరూ లేదు. కూలి చేసుకుని బతికే కుటుంబం పిల్లల స్కాలర్‌షిప్‌ను, ఇంటిస్థలాన్ని వదులుకుని ఏ దరఖాస్తులో యూదులమని రాస్తుంది? రాయకపోతే లెక్కలో లేనట్టే. లెక్కలో లేకపోతే రేపు ప్రమాదం వచ్చినప్పుడు కలెక్టరుకు చూపించడానికి ఏ కాగితమూ లేనట్టే. యూరప్, అమెరికాల్లో యూదుల రక్షణ డబ్బు దగ్గర, చట్టం దగ్గర చిక్కుకుంటే, తెలుగు యూదుల రక్షణ అంతకన్నా ముందే, మతం అనే గడి దగ్గరే చిక్కుకుంది. ఆ చిక్కుకు మూలం కులం. ద్వేషాన్ని ఎదుర్కోవడమంటే తుపాకీ పట్టిన గార్డును నిలబెట్టడం ఒక్కటే అనుకునేవారు ఈ ఊరి సంగతి చూడాలి.

చేయవలసినవి పెద్ద ఖర్చున్నవి కావు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు మహారాష్ట్ర చేసినట్టు యూదులకు రాష్ట్ర మైనారిటీ హోదా ఇవ్వాలి. మతం మార్చుకున్న దళితుడి కుల వెనకబాటు మతంతో పాటు మారదన్న వాదనలో ఈ నలభై కుటుంబాల పేరూ చేరాలి. చేబ్రోలు స్టేషన్ నుంచి జిల్లా ఎస్పీ దాకా, వినాయక నిమజ్జనానికి ముందు వేసే శాంతి కమిటీలో ఈ చిన్న సినగాగ్ పెద్దకూ ఒక కుర్చీ వేయాలి. బడిలో పదో తరగతి సాంఘిక శాస్త్రం చెప్పే మాస్టార్లు రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలపు పాఠాన్ని పరీక్ష కోసం పరుగెత్తించకుండా, అరవై లక్షల యూదులను ఎలా చంపారో ఒక పీరియడంతా చెప్పాలి. మన పుస్తకాల దుకాణాల్లో హిట్లర్ ఆత్మకథ విజయగాథల పక్కన అమ్ముడవుతోంది, కాలేజీ కుర్రాళ్లు దాన్ని క్రమశిక్షణ పుస్తకంలా చదువుతున్నారు. ఆ పాఠం సరిగా అందని పిల్లవాడు రేపు సిడ్నీలోనో డల్లాస్‌లోనో యూదు సహోద్యోగి ముందు ఆ మనిషిని మెచ్చుకుంటూ మాట్లాడితే, ఉద్యోగం పోవడం అటుంచి, ఆ ఎదుటి మనిషి ఇంట్లో ఎవరెవరు పోయారో వాడికి తెలియకపోవడం మన తప్పు.

జనగణన 2027 వచ్చేస్తోంది. గత లెక్కల్లో ఆరు మతాలకే సంకేత సంఖ్యలు ఇచ్చారు, మిగతావారి మతం పేరు పూర్తిగా రాయాలన్నది నియమం. ఆ పని చేసే ఎన్యూమరేటర్లలో ఎక్కువమంది మన బడి పంతుళ్లే. హసన్‌పర్తిలో గాని చేబ్రోలులో గాని గడప దగ్గర నిలబడి అడిగినప్పుడు, ఇంటివాళ్లు ఏ మతం పేరు చెబితే ఆ పేరే రాయండి. మీకు తెలిసిన ఆరింటిలో ఒకదానిలో సర్దేయకండి.